పల్లవి కోసం ఆగకండి: ప్రయోగాత్మక హిప్‌హాప్ ఆల్బమ్‌లు ఏ వరసలో, ఎలా వినాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎమినెమ్, కెండ్రిక్ లమార్ బాగా వింటాను. రోజూ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కి మెట్రోలో, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో. అందరూ గొప్పవంటున్నారని 'మ్యాడ్‌విలనీ', 'ద మనీ స్టోర్' పెట్టాను. మొదటిది సగం చేసి వదిలేసిన పాటల మూటలా ఉంది. రెండోది పది నిమిషాలకే తలనొప్పి తెచ్చింది. లోపం నా చెవిలో ఉందా, ఆల్బమ్‌లలో ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

మీ చెవి బాగానే ఉంది, ఆ రెండూ మంచి ఆల్బమ్‌లే. ఇబ్బంది రెండు చోట్ల వస్తోంది. ఒకటి, మీరు పల్లవి కోసం ఎదురుచూస్తున్నారు, అది రాదు. రెండు, మెట్రో. మొదటిసారి వినడం ఇంట్లో, రాత్రి, వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్‌తో పెట్టుకోండి. వరస ఇలా మార్చండి: ముందు 'మ్యాడ్‌విలనీ'యే మళ్ళీ, తర్వాత 'సమ్ రాప్ సాంగ్స్', 'ద కోల్డ్ వెయిన్', 'బ్లాక్ అప్', క్లిప్పింగ్ బృందానివి ఒకటి రెండు, 'అట్రాసిటీ ఎగ్జిబిషన్'. 'ద మనీ స్టోర్' అన్నిటికంటే చివర. వారానికి ఒక్క ఆల్బమ్ చాలు. అదే ఆల్బమ్‌ని ఆ వారంలో మూడుసార్లు వినండి.

పల్లవి సంగతి ముందు. మనం సినిమా పాటలతో పెరిగిన చెవులవాళ్ళం. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. చరణం ఎంత దూరం తిరిగొచ్చినా పల్లవి దగ్గరికి చేరగానే చెవికి ఇల్లు చేరినట్టుంటుంది. ఎమినెమ్, కెండ్రిక్ కూడా చాలా పాటల్లో ఆ ఇల్లు కట్టే ఇస్తారు. 'మ్యాడ్‌విలనీ'లో దాదాపు ఎక్కడా కట్టలేదు. రాపర్ ఎంఎఫ్ డూమ్, బీట్లు (రాప్ వెనక మోగే సంగీతం) చేసే మ్యాడ్‌లిబ్ కలిసి చేసి, 2004లో స్టోన్స్ త్రో అనే రికార్డు కంపెనీ నుంచి తెచ్చిన ఈ ఆల్బమ్‌లో 22 ట్రాకులు, మొత్తం 46 నిమిషాలు. అంటే సగటున ఒక్కోటి రెండు నిమిషాలు. మీ చెవి పల్లవి కోసం కూర్చుని ఉండగానే పాట అయిపోతుంది, అందుకే సగంలో ఆపేసినట్టు అనిపించింది. అక్కడ పట్టుకోవాల్సినవి మూడు: ప్రాస, లూప్ (పదే పదే తిరిగే సంగీతపు ముక్క), గొంతు డ్రమ్ మీద ఎక్కడ పడుతోందన్నది.

ప్రాస విషయంలో తెలుగువాళ్ళకి ఒక సుఖం ఉంది. పద్యం తెలిసినవాడికి ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలని తెలుసు, అంత్యప్రాస అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఎంఎఫ్ డూమ్ చేసేది పాదం చివర ఒక్క అక్షరం కలపడం మాత్రమే కాదు. రెండు మూడు అక్షరాల పొడవున్న ధ్వనిని పాదం మొదట్లో, మధ్యలో, చివర తిప్పి తిప్పి వేస్తాడు. అర్థం కోసం పరిగెత్తితే ఇది జారిపోతుంది. 'అకార్డియన్' అనే ట్రాక్ తీసుకోండి, రెండు నిమిషాలే. మొదటిసారి అర్థం వదిలేసి, ఒకేలా మోగే ముక్కలు వచ్చినప్పుడల్లా వేలు ముడవండి. రెండోసారి గొంతుని పక్కన పెట్టి ఆ అకార్డియన్ లూప్ ఒక్కటే వినండి (డేడలస్ అనే సంగీతకారుడి ట్రాక్ నుంచి తీసుకున్న ముక్క అది). అది ఎక్కడా పెరగదు, తరగదు, అక్కడే తిరుగుతుంది. మూడోసారి రెండూ కలిపి. గొంతు డ్రమ్ దెబ్బకి ఆవగింజంత వెనకపడి, తొందర లేకుండా నడుస్తున్నట్టు తెలుస్తుంది. ఆ బద్ధకపు నడక ఈ ఆల్బమ్‌కి ప్రాణం. ఆల్బమ్ రావడానికి ఏడాది పైగా ముందే డెమో లీకయింది. తర్వాత డూమ్ తన గొంతుని ఇంకా కిందికి, ఇంకా నెమ్మదికి దించి మళ్ళీ రికార్డు చేశాడు. నా దృష్టిలో ఆ లీక్ ఆల్బమ్‌కి మేలే చేసింది.

బీట్ల విషయం. మ్యాడ్‌లిబ్ వీటిలో చాలావాటిని బ్రెజిల్‌లో ఒక హోటల్ గదిలో, బాస్ ఎస్‌పి-303 అనే చిన్న శాంప్లర్ (పాత రికార్డుల ముక్కల్ని, అంటే శాంపిళ్ళని, కోసి తిరిగి వాయించే యంత్రం), చేతిలో పట్టుకుపోయే టర్న్‌టేబుల్, క్యాసెట్ డెక్ పెట్టుకుని చేశాడు. ఆ యంత్రంలో పాత రికార్డు మోతని తెచ్చే ఎఫెక్ట్ ఒకటుంది, అది శబ్దాన్ని నొక్కి పట్టి బరువెక్కిస్తుంది. 'మ్యాడ్‌విలనీ' బీట్లు కాస్త మసకగా, దుమ్ము పట్టినట్టు ఉండటం లోపమనుకుని ఈక్వలైజర్‌తో తేటపరచడానికి చూడకండి. ఈ బీట్ల మీద ఇష్టం పుడితే మ్యాడ్‌లిబ్ 2007లో తెచ్చిన 'బీట్ కండక్టా ఇన్ ఇండియా' వినండి. మన పాత సినిమా పాటల ముక్కల్ని అతను ఎక్కడ కోశాడో హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. శాంపిల్ కోయడం అంటే ఏంటో నేర్చుకోవడానికి మనకి అంతకన్నా దగ్గరి దారి లేదు.

ఒక ట్రాక్ మాత్రం అర్థంతో సహా వినాలి: 'ఫ్యాన్సీ క్లౌన్'. తన ప్రియురాలు డూమ్‌తో తిరుగుతోందని ఒకడు మండిపడుతుంటాడు. ఆ మండిపడేవాడు విక్టర్ వాన్, అంటే డూమ్‌కే ఉన్న ఇంకో వేషం. డబుల్ యాక్షన్ సినిమాలు చూసి పెరిగినవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు మెట్రో, మీ తలనొప్పి. రైలు మోతలో ఎక్కువ భాగం కింది స్థాయి గుర్రు. అది బేస్‌ని, కిక్ డ్రమ్‌ని మింగేస్తుంది. బేస్ వినపడక మీరు వాల్యూమ్ పెంచుతారు. పెంచగానే బేస్‌తో పాటు పైస్థాయి శబ్దాలు, అంటే హై-హ్యాట్లు, అరుపులు, గీరుడు మోతలు కూడా పెరుగుతాయి. వాటిని రైలు మింగదు. 'ద మనీ స్టోర్' అసలే ఊపిరి తీసుకునే ఖాళీ లేకుండా శబ్దాన్ని అంచుల దాకా నింపి మాస్టర్ చేసిన ఆల్బమ్. దానికి ఈ వాల్యూమ్ తోడైతే తల నొప్పి పుట్టక మానదు.

లెక్క కూడా చూడండి. పెద్దవాళ్ళకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటల వరకు ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 90 దగ్గర అది 4 గంటలకి పడిపోతుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా దాదాపు 29 కిలోమీటర్లు, యాభై నిమిషాలకి అటూ ఇటూ. రానూపోనూ వారానికి అయిదు రోజులంటే ఎనిమిది గంటలు దాటుతుంది. రైలు మోత మీదికి వినపడేలా 90 దాకా పెంచుకుంటే హద్దుకి రెట్టింపు. ఇది రుచికి సంబంధించిన మాట కాదు, చెవికి సంబంధించింది. దయచేసి పట్టించుకోండి.

మెట్రోలో వినక తప్పదంటే శబ్దాన్ని రద్దు చేసే ఇయర్‌బడ్స్ వాడండి. అవి కింది గుర్రుని బాగా తగ్గిస్తాయి, మనుషుల మాటల్ని అంతగా తగ్గించలేవు. అయినా మొదటిసారి వినడం మెట్రోలో వద్దు. మూడోసారికి ఆల్బమ్ తలలో కూర్చున్నాక ఎక్కడైనా వినొచ్చు, లోపించిన బేస్‌ని తలే పూరించుకుంటుంది.

ఇంట్లో ఏర్పాటు ఇలా:

సీలింగ్ ఫ్యాన్ ఆపండి. వేసవిలో కష్టమే, కానీ 'సమ్ రాప్ సాంగ్స్' లాంటి ఆల్బమ్‌లో సగం వివరం ఫ్యాన్ మోత కిందే ఉండిపోతుంది. కూలర్ అయితే ఇంకా అన్యాయం.

పదిహేను వందల నుంచి మూడు వేల రూపాయల్లో వైరు ఉన్న ఇన్-ఇయర్ ఒకటి చాలు. దానితో వచ్చే రబ్బరు మొనల్లో మీ చెవికి సరిపోయేది వెతకండి. మొన వదులైతే బేస్ మొత్తం బయటికి పోతుంది, ఎంత ఖరీదు పెట్టినా అంతే. ఫోన్‌లో గుండ్రటి జాక్ లేకపోతే చిన్న టైప్-సి అడాప్టర్ వేసుకోండి.

'బేస్ బూస్ట్' అనేది ఎక్కడున్నా తీసేయండి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే ఇయర్‌బడ్స్ చాలావరకు బేస్ పెంచే వస్తాయి. అవి పెంచేది అట్టడుగు బేస్ కన్నా దానికి కాస్త పైనున్న భాగం, అది గొంతు మీద దుప్పటి కప్పుతుంది. షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్), ఆటోప్లే కూడా ఆపండి. 'మ్యాడ్‌విలనీ'లో ఒక ట్రాక్ ఇంకోదాంట్లోకి జారుతుంది, క్రాస్‌ఫేడ్ ఆ కీలు విరిచేస్తుంది. వాల్యూమ్‌ని సమం చేసే సెట్టింగ్ 'లౌడ్' మీద ఉంటే 'నార్మల్'కి దించండి.

ఫోన్ స్పీకర్ మీద మాత్రం అసలొద్దు. కిందిస్థాయి శబ్దం అందులో దాదాపు ఉండదు, మీరు సగం ఆల్బమ్ విని మొత్తం మీద తీర్పు చెప్పేస్తారు.

మిగతా ఆల్బమ్‌లు, వరసగా.

'సమ్ రాప్ సాంగ్స్' (ఎర్ల్ స్వెట్‌షర్ట్, 2018). 15 ట్రాకులు, 25 నిమిషాల లోపే. చిన్నదే, కానీ లోతైనది. లూపులు అంచులు సరిచేయకుండా వదిలేసినట్టుంటాయి, డ్రమ్ముల్ని కొన్నిచోట్ల వెతుక్కోవాలి, గొంతు మంచం మీద నుంచి లేవకుండా మాట్లాడినట్టు వస్తుంది. మొదటిసారి ఏదో అస్పష్టంగా ఉందనిపిస్తుంది. దీన్ని 25 నిమిషాల ఒకే పాటగా వినండి, ట్రాక్ పేర్లు చూడొద్దు. చివరికి వచ్చేసరికి 'ప్లేయింగ్ పాసమ్' వస్తుంది. అందులో ఎర్ల్ రాప్ చేయడు. వాళ్ళమ్మ ఒక సభలో చెప్పిన కృతజ్ఞతల మాటల్ని, వాళ్ళ నాన్న చదివిన కవితని ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు చేశాడు. నాన్న దక్షిణాఫ్రికా కవి కియోరాపెట్సే గోసిట్సిలే. ఆ ఏడాది జనవరిలో చనిపోయాడు. నవంబరులో వచ్చిన ఈ ఆల్బమ్‌ని వినలేదు. ఆఖరి ట్రాక్‌లో వినపడే ట్రంపెట్ సంగీతం హ్యూ మసెకెలాది, ఆయనా అదే నెలలో పోయాడు. మాటలు లేని ఆ ముగింపు ఈ పదేళ్ళలో వచ్చిన హిప్‌హాప్ ముగింపులన్నిటిలో నాకు గొప్పది. దాన్ని ఒక్కదాన్నే విడిగా వింటే ఏమీ అనిపించదు, ముందున్న ఇరవై నిమిషాలు దాన్ని మోసుకొస్తాయి.

'ద కోల్డ్ వెయిన్' (క్యానిబల్ ఆక్స్, 2001). ఇది నిడివైనది, 70 నిమిషాలు దాటుతుంది. రెండు రాత్రులుగా విడగొట్టండి. ఎల్-పి చేసిన బీట్లు ఇనుప షట్టర్లు దించినట్టు, చలికి గట్టిపడ్డట్టు ఉంటాయి. ఇద్దరు రాపర్లని విడదీసి వినడం ఇక్కడ పని: వాస్ట్ ఎయిర్ సాగదీసి ఒక్కో మాటకి చోటిస్తాడు, వోర్డల్ మెగా మాటల్ని ఒకదాని మీద ఒకటి కుక్కుతాడు. ఆల్బమ్ పొడుగునా పావురం వస్తుంది, 'పిజన్' పేరుతో ఒక పాటే ఉంది. నగరం ఛీకొట్టే, నగరం పారేసింది తిని బతికే, అయినా ఎగరగలిగే పక్షి. మక్కా మసీదు ముంగిట పావురాల గుంపు లేవడం చూసినవాళ్ళకి ఆ పోలిక వెంటనే అందుతుంది. 'ఐరన్ గెలాక్సీ'తో మొదలవుతుంది. అది నచ్చకపోతే ఈ ఆల్బమ్‌ని ఆరు నెలలు పక్కన పెట్టండి, బలవంతం వద్దు.

'బ్లాక్ అప్' (షబాజ్ ప్యాలెసెస్, 2011). మాట మీద కన్నా అట్టడుగు బేస్ మీద నిలబడ్డ ఆల్బమ్ ఇది. ఇయర్‌ఫోన్ మొన బిగుతుగా లేకపోతే అసలు వినొద్దు. పాట మధ్యలో దారి మార్చి ఇంకో పాట అయిపోతుంది, అలా మారిన చోట్లు లెక్కపెట్టండి. ఈ ఆల్బమ్ చేసినప్పుడు బృందంలో తెండాయ్ మరైరె ఉన్నాడు. తండ్రి డుమిసాని జింబాబ్వే సంగీతాన్ని అమెరికాలో నేర్పిన పెద్ద విద్వాంసుడు. బీట్ల మధ్య వినపడే ఎంబిరా, అంటే బొటనవేళ్ళతో మీటే ఇనుప రేకుల వాద్యం, ఆ ఇంటి నుంచి వచ్చిందే.

క్లిప్పింగ్. లాస్ ఏంజిలెస్ బృందం. ఒక రాపర్, ఇద్దరు శబ్దకారులు. వీళ్ళతో చెవికి మంచి వ్యాయామం ఉంది: 2014 ఆల్బమ్‌లో 'గెట్ అప్' అనే పాట. దాని బీట్‌కి ఆధారం అలారం గడియారం మోత. వినగానే ఆపేయాలని చెయ్యి లేస్తుంది. ఒక్క నిమిషం ఓర్చుకోండి, ఆ మోతే తాళం అయిపోతుంది. అది అయిన క్షణం మీకు తెలిసిందంటే మిగతా ఆల్బమ్‌లన్నీ సగం లొంగినట్టే. తర్వాత 2016లో వచ్చిన 'స్ప్లెండర్ అండ్ మిజరీ'. అంతరిక్ష నౌకలో బానిసల తిరుగుబాటు తర్వాత మిగిలిన ఒక్క మనిషి, అతన్ని ప్రేమించే ఓడ కంప్యూటర్. కథ ఉంది కాబట్టి దీనికి మాత్రం సాహిత్యం ముందే చదవొచ్చు. 2019 ఆల్బమ్ చివర 'పియానో బర్నింగ్' ఉంటుంది, కాలుతున్న పియానో చప్పుడు 18 నిమిషాలు. దాన్ని ఒకసారి మొత్తం వినడం మంచిదే, రెండోసారి అవసరం లేదని నా అభిప్రాయం.

'అట్రాసిటీ ఎగ్జిబిషన్' (డానీ బ్రౌన్, 2016). మీకు కెండ్రిక్ ఇష్టం కాబట్టి 'రియల్లీ డో' నుంచి లోపలికి వెళ్ళండి. అందులో కెండ్రిక్, ఎర్ల్ ఇద్దరూ ఉన్నారు, పల్లవీ ఉంది, ఈ ఆల్బమ్ మొత్తంలో తేలిగ్గా అందేది అదే. డానీ ముక్కుతో అరిచే పై గొంతు చాలామందికి అడ్డం వస్తుంది. 'టెల్ మి వాట్ ఐ డోంట్ నో'లో మామూలు కింది గొంతు వాడాడు, అది విన్నాక పై గొంతు వేషమని అర్థమవుతుంది. మాదకద్రవ్యాల గురించి చాలా ఉంటుంది, పొగడ్తలా కాదు, మునిగిపోతున్నవాడి మాటలా. ఇంట్లో స్పీకర్ మీద పెట్టేది కాదు.

ఇక 'ద మనీ స్టోర్' (డెత్ గ్రిప్స్, 2012). 13 పాటలు, 41 నిమిషాలు. దీన్ని పద్ధతిగా తిరిగి ప్రయత్నించండి. వాల్యూమ్ పక్కనవాళ్ళ మాట వినపడేంత తక్కువలో పెట్టండి. ముందు 'ఐవ్ సీన్ ఫుటేజ్' ఒక్కటే, అందులో కాలు కదిపే తాళం సూటిగా ఉంది. మర్నాడు 'గెట్ గాట్'తో మొదలుపెట్టి మొదటి అయిదు పాటలు. మూడో రోజు మొత్తం. బృందం రాపర్ ఎంసీ రైడ్ మాటలు అర్థం కావడం లేదని ఆగొద్దు, ఇక్కడ గొంతు డప్పు పని చేస్తోంది. జాక్ హిల్ డ్రమ్ములు వాయించే మనిషి, యంత్రంలా వినపడేచోట కూడా చెయ్యి తగిలిన ఒడుదుడుకు ఉంటుంది, దాన్ని పట్టుకోండి.

పగిలిన శబ్దం మనకి కొత్త అనుకోవద్దు. బోనాలప్పుడు లాల్ దర్వాజా సందుల్లో తీన్మార్ డప్పు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే మోత, నిమజ్జనం బండి మీద స్పీకర్లు చిరిగిపోయేలా పలికే బేస్, పెళ్ళి బరాత్‌లో మర్ఫా. నిజాం ఆఫ్రికన్ రక్షకదళం పేరు మోస్తున్న ఏసీ గార్డ్స్‌లో సిద్దీ కుటుంబాలు నిలబెట్టిన వాద్యం అది. అక్కడ మనం చెవులు మూసుకోం, ముందుకి వెళ్తాం, ఎందుకంటే ఒళ్ళు ఆ మోతలో ఉంటుంది. మెట్రో సీట్లో కదలకుండా కూర్చుని డెత్ గ్రిప్స్ వింటే ఆ మోతంతా ఒళ్ళుని వదిలేసి తలలోనే తిరుగుతుంది. నిలబడి వినండి, నడుస్తూ వినండి. కేబీఆర్ పార్కు చుట్టూ ఉదయం నడకకి ఇది సరిగ్గా సరిపోతుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఒక చెవి తీసేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు చెప్తాను. సాహిత్యం ముందే తెరిచి చదువుతూ వినడం మొదటిది. కన్ను చదువుతుంటే చెవి పనిచేయదు, మొదటి రెండు సార్లు తెరవొద్దు. ఒక్కో ఆల్బమ్ నుంచి ఒక్కో పాట ఏరిన ప్లేలిస్టులు రెండోది. ఒక గదిలో ఉన్న వెలుతురు ఇంకో గదిలోకి రాదు, 'సమ్ రాప్ సాంగ్స్'లోంచి ఒక్క పాట తీసి డానీ బ్రౌన్ పక్కన పెడితే రెండూ చెడతాయి.

ఇంగ్లీషు యాస అడ్డమనిపిస్తే మధ్యలో సీధే మౌత్ 2018 ఆల్బమ్ 'బయాన్' పెట్టుకోండి. ఢిల్లీ హిందీ, మన నగరంలో చాలామందికి అర్థమయ్యేదే. ఇది పూర్తిగా ప్రయోగాత్మకం కాదు, కానీ సెజ్ ఆన్ ద బీట్ చేసిన బీట్ల మీద ఇద్దరు గొంతులు మార్చుకునే తీరు వింటే, మాట అర్థమవుతూ ఉండగా లయని ఎలా వినాలో అలవాటవుతుంది. ఆ అలవాటుతో 'ద కోల్డ్ వెయిన్'కి తిరిగి వెళ్తే తేడా తెలుస్తుంది.

మూడు వారాల ప్రయత్నం తర్వాత కూడా 'ద మనీ స్టోర్' గుచ్చుకుంటూనే ఉంటే వదిలేయండి. రద్దీ శబ్దమే కావాలి కానీ అంత పదును వద్దనుకుంటే డాలెక్ బృందం 2005లో తెచ్చిన 'ఆబ్సెన్స్' ఉంది, అక్కడ మోత గోడలా నెమ్మదిగా కదులుతుంది, గొంతు నిలకడగా ఉంటుంది. మోతే వద్దు, మాటల బరువు కావాలంటే ఆర్మండ్ హ్యామర్ అనే రాప్ జోడీ, బీట్లు చేసే ద ఆల్కెమిస్ట్ కలిసి 2021లో చేసిన 'హారమ్'. 'మ్యాడ్‌విలనీ' చేతికొచ్చాక అది నేరుగా అందుతుంది.